కార్యాలయమునకు ఎట్టి ప్రాసెసరు కొనవలెను?

వ్యాపారసంస్థలు తమ యుద్యోగుల కొఱకు కంప్యూటర్లను కొనునపుడు మొట్టమొదట విచారించునది ప్రాసెసరు సంగతియే. యంత్రము చేయు గణనమంతటికిని ఈ చిన్న సిలికాను బిళ్లయే ఆధారము. విండోస్‌తో నడచు బల్ల కంప్యూటర్లలో పెక్కింటికి దీనిని సమకూర్చువారు ఇద్దరే: 1968లో స్థాపింపబడిన ఇంటెలు, 1969లో స్థాపింపబడిన ఏ.ఎం.డి. వీరి సరకులలో నేది కొనవలెనని యడిగినచో, పెద్ద సంఖ్య గలదియే మేలని పలువురు బదులు చెప్పుదురు. ఈ యభిప్రాయము సరికాదని నా తలంపు.

ఒకప్పుడు గిగాహెర్ట్జుల సంఖ్యయే వేగమునకు కొలతయని జనులు నమ్మిరి. 2004లో వెలువడిన యొక పెంటియం 4 ప్రాసెసరు 3.8 గిగాహెర్ట్జులతో నడచెను. 2006లో ఇంటెలువారే అంతకంటె తక్కువ సంఖ్య గల కోర్ 2 డ్యుయోను వెలువరింపగా, అది పనిలో మొదటిదానిని మించెను. విద్యుత్తును గూడ తక్కువగా వాడెను.

నేడు 3, 5, 7 అను తరగతి యంకెలు ఆ స్థానము నాక్రమించినవి. ఇవి యొకే తరములోని హెచ్చుతగ్గులను దెలుపునే కాని, యంత్ర మెంతకాలము పనికివచ్చునో తెలుపజాలవు. 2017 జనవరిలో ఏడవ తరపు కోర్ ఐ7-7700 వెలువడెను. అదే సంవత్సరము అక్టోబరులో ఎనిమిదవ తరపు కోర్ ఐ3-8100 చాల తక్కువ వెలకు వచ్చెను. 2021లో మైక్రోసాఫ్టువారు విండోస్ 11ను ప్రకటించినపుడు, తగిన ప్రాసెసర్ల పట్టికలో రెండవదానిని చేర్చి మొదటిదానిని విడిచిరి. విండోస్ 10కు ఎల్లరకు నిచ్చు సాధారణ భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో నిలిచినవి. చక్కగా పనిచేయుచున్న ఖరీదైన యంత్రములును అంతటితో మార్పవలసినవాయెను.

ఇది ముందుగా నెవ్వ రెఱుగుదురని కొంద రనవచ్చును. నిజమే. ఎఱుగలేము గనుకనే అవసరమునకు మించిన ధనమును ఒక్క ప్రాసెసరుపై వెచ్చింపరాదు. ఉత్తరములు, లెక్కలు, చిట్టాలు వ్రాయుటకు మిక్కిలి పెద్ద ప్రాసెసరు పిచ్చుకపై బ్రహ్మాస్త్రము వంటిది. క్రొత్త తరములోని మధ్యమ తరగతిది చాలును. మిగిలిన సొమ్ముతో 16 గిగాబైట్ల మెమరీని, మంచి ఎస్.ఎస్.డి.ని కొనుట మేలు. భవనముల నకళ్లు గీయువారికిని, చలనచిత్రములు కూర్చువారికిని మాత్రము పైతరగతిది తగును. వందలకొలది యంత్రములు గల సంస్థ, దూరమునుండియే వానిని సరిచేయ వీలుగల ఇంటెలు వీప్రో, ఏ.ఎం.డి. ప్రో వంటి యేర్పాట్లను విచారింపవలెను.

అట్లని మిక్కిలి చౌకదానిని కొనుటయు వివేకము కాదు. జీతము పుచ్చుకొను గుమాస్తా దినదినము మందయంత్రము నెదుట వేచియుండినచో, ఆ నష్టము యజమానునిదే, విసుగు గుమాస్తాది.

విద్యార్థులారా! మీలో కొందఱు రేపు కార్యాలయములలో కొనుగోలు పత్రములపై సంతకము చేయువా రగుదురు. అపుడు అంగడివానిని అంకె యడుగుటకు ముందు, ఆ యంత్రము నెదుట కూర్చుండువానిని అతని పని యేమని యడుగుడు.