పాత టిల్లర్‌ను తూకానికి వేయొద్దు
రిపేరు హక్కు కోసం రైతులకు, మెకానిక్‌లకు ఒక పిలుపు

కాలవకు నీళ్లొదిలారు. నారు ముదురుతోంది. చేలో పవర్ టిల్లర్ స్టార్ట్ కావడం లేదు. దమ్ము చేసే కోస్తా డెల్టాలోనైనా, కరిగెట చేసే తెలంగాణ చెరువుల కిందైనా ఈ అవస్థ ఎరగని చిన్న రైతు అరుదు. నాలుగు రోజులు ఆగితే నాటు వెనకబడుతుంది. అద్దె ట్రాక్టరు కోసం వంతు కాయాలి. ఒకటి రెండు సీజన్లు ఇలా ఏడిపించిన యంత్రం పాకలో ఓ మూలకు చేరుతుంది. అక్కణ్నుంచి పాత ఇనుము కొట్టుకు. అలా తూకానికి పోయే యంత్రాల్లో బాగుచేయదగ్గవి ఎన్నో ఉంటాయి.

టిల్లర్‌లో సాధారణంగా ఉండేది ఒకే సిలిండర్ డీజిల్ ఇంజను. అది పలక్కపోతే చూడాల్సినవి మూడే: డీజిల్ అందుతోందా, గాలి అందుతోందా, కంప్రెషన్ ఉందా. ఫ్లైవీల్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పితే ఒకచోట గట్టిగా ఎదురు తన్నాలి. తన్నకుండా సులువుగా తిరిగిపోతే రింగులో వాల్వులో అరిగాయన్నమాట. ఎదురు తన్నితే డీజిల్ దారి వెతకాలి. ట్యాంకు అడుగున నీళ్లు చేరాయా? ఫిల్టరు మూసుకుపోయిందా? ట్యాంకు పూర్తిగా ఎండిపోయేదాకా నడిపి, ఆ తర్వాత డీజిల్ పోస్తే మొరాయించే బండికి పైపుల్లో గాలి పట్టిందని ముందుగా అనుమానించాలి. గాలి వదిలే బ్లీడింగ్ స్క్రూ వదులు చేసి, బుడగలు పోయి డీజిల్ ధారగా వచ్చేదాకా వదిలితే ఆ జబ్బు కుదురుతుంది. దానికి కావాల్సింది ఒక స్పానరు, ఒక గుడ్డపేలిక. ఈ మాత్రానికి బండిని ట్రాలీలో ఎక్కించి పట్నం తీసుకెళ్లే రైతు కిరాయి కడతాడు, పైగా ఒక రోజు పోగొట్టుకుంటాడు.

పొగ కూడా చాలా చెబుతుంది. నల్లపొగ వస్తే ఎయిర్ క్లీనర్ మూసుకుపోయిందేమో, బండి మీద బరువెక్కువైందేమో చూడాలి. నీలిపొగ వస్తే ఇంజనాయిలు మండుతోంది, రింగులు చూడాలి. వేడెక్కిన తర్వాత కూడా తెల్లపొగ ఆగకపోతే డీజిల్ సరిగ్గా మండడం లేదు, లేదా నీళ్లు లోపలికి చేరుతున్నాయి. బురదలో తిరిగే యంత్రానికి అసలు శత్రువు అరిగిన ఆయిల్ సీలు. దాని సందులోంచి చేలో నీరు గేర్ బాక్స్‌లోకి చేరుతుంది, లోపలి నూనె మజ్జిగలా తెల్లబడుతుంది. సీలు ఖరీదు స్వల్పం. దాన్ని పట్టించుకోకుండా ఇంకో సీజన్ నడిపితే పోయేవి బేరింగులు, గేర్లు.

సెకండ్ హ్యాండ్ టిల్లర్ కొనేవాళ్లు ఇవన్నీ బేరానికి ముందే చూసుకోవాలి. చల్లారిన ఇంజన్‌నే స్టార్ట్ చేసి చూపించమనాలి.

కొన్ని పనులు మాత్రం ఇంటి దగ్గర చేయకూడదు. డీజిల్ పంపు, నాజిల్ సర్దుబాటు పరీక్ష బల్ల ఉన్న షాపులోనే జరగాలి. నాజిల్ నుంచి చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు, దాని ముందు చెయ్యి పెట్టకూడదు. ఇంజన్ ఆపకుండా రోటరీ బ్లేళ్ల దగ్గరికి ఎవరూ వెళ్లకూడదు.

జబ్బు తెలిసినా మందు దొరకకపోవడం దగ్గరే అసలు చిక్కు మొదలవుతుంది. కొన్నప్పుడు రైతు చేతికి వచ్చేది వాడకం పుస్తకం. ఏ బోల్టు ఎంత బిగించాలి, ఏ వాల్వుకు ఎంత సందు ఉంచాలి, ఏ భాగానికి ఏ నంబరు అన్నది చెప్పే సర్వీస్ మాన్యువల్ డీలరు దగ్గర ఉంటుంది. ఊరి మెకానిక్ అనుభవంతో నెట్టుకొస్తున్నాడు. విడిభాగాల సంగతీ అంతే. 2020 జూలైలో కేంద్రం పవర్ టిల్లర్ల దిగుమతిని పరిమిత జాబితాలో చేర్చింది, అంటే అనుమతి లేకుండా తెచ్చుకోలేరు. ఇంజను, గేర్ బాక్స్ వంటి ముఖ్య భాగాలు కూడా ఆ జాబితాలోకి వెళ్లాయి. దేశీయ పరిశ్రమకు అది మేలే కావచ్చు. అంతకు ముందే విదేశీ టిల్లర్ కొన్న రైతుకు విడిభాగాల దారి కూడా చూపించాలి కదా!

మాన్యువల్ అందరికీ దొరికితే ఏం జరుగుతుందో అమెరికాలో చూడొచ్చు. అక్కడ పొలాల్లో, అడవి దారుల్లో తిరిగే నాలుగు చక్రాల ఏటీవీలను పాతవి కొని, ఇంటి గరాజులోనే విప్పి బాగుచేసుకునే అలవాటు బలంగా ఉంది. దానికి ఊతం పుస్తకాలు. హోండా, యమహా ఏటీవీలకు మోడల్ వారీగా క్లైమర్ అనే బ్రాండు రిపేరు పుస్తకాలు ఎవరైనా కొనుక్కోవచ్చు. కొలరాడో రాష్ట్రం ఇంకో అడుగు వేసింది. రైతులకూ బయటి మెకానిక్‌లకూ వ్యవసాయ యంత్రాల మాన్యువళ్లు, విడిభాగాలు, పనిముట్లు, సాఫ్ట్‌వేర్ ఇచ్చి తీరాలని 2023లో చట్టం చేసింది. అది 2024 జనవరి 1 నుంచి అమల్లో ఉంది.

మన దగ్గర రిపేరు హక్కు ఆలోచన కొత్తదేం కాదు. విడిభాగాలను, పరీక్ష పరికరాలను బయటి మెకానిక్‌లకు అందనివ్వడం లేదని 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. జరిమానా మీద కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. బండిని బాగుచేసే హక్కు కంపెనీ ఒక్కదాని సొత్తు కాదన్నదే ఆ ఉత్తర్వు సారాంశం. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల శాఖ రిపేరు హక్కు మీద కమిటీ వేసి, నాలుగు రంగాలను ఎంచుకుంది. వాటిలో వ్యవసాయ పరికరాలు ఒకటి. ఆ డిసెంబరులో రిపేరు హక్కు పోర్టల్ వచ్చింది. పోర్టల్ మంచిదే. కానీ నాట్ల వేళ బండి ఆగిన రైతుకు కావాల్సింది చట్టం బలం.

ఇప్పుడే ఎందుకంటే, టిల్లర్ ఇంకా స్పానరుకు లొంగే యంత్రమే. బైకు అలా లేదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 ఉద్గార ప్రమాణాలు వచ్చాక చాలా బైకుల్లో కార్బురేటర్ పోయి సెన్సర్లు వచ్చాయి, స్కానరు లేని ఊరి మెకానిక్ చేతులు కట్టేసినట్టయింది. 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకూ 2023 నుంచి కొత్త ఉద్గార నిబంధనలు వచ్చాయి. యంత్రాలన్నీ కంప్యూటర్ల చేతికి పోయాక హక్కు అడగడం ఆలస్యమే అవుతుంది.

2014-15లో మొదలైన వ్యవసాయ యాంత్రీకరణ పథకం కొత్త యంత్రం ధరలో 40 నుంచి 50 శాతం దాకా, పరిమితికి లోబడి, రాయితీ ఇస్తోంది. అందులో కొంత వాటా పాత యంత్రం ఇంజన్ పని చేయించుకునే రైతుకు ఎందుకు ఇవ్వకూడదు? రాయితీ జాబితాలో చోటు కావాలనే ప్రతి కంపెనీ తెలుగులో సర్వీస్ మాన్యువల్, విడిభాగాల ధరల పట్టిక బయటపెట్టాలని, మోడల్ ఆపేసిన తర్వాత కూడా కనీసం పదేళ్లు భాగాలు అందించాలని షరతు పెట్టాలి. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. అక్కడి నైపుణ్యం మండలాలకు దిగిరావాలి. ప్రతి ఖరీఫ్ ముందు రైతు సేవా కేంద్రంలోనో, రైతు వేదికలోనో ఒక రిపేరు శిబిరం పెట్టి ఊరి మెకానిక్‌లకూ, ఐటీఐ పిల్లలకూ చేతి పని నేర్పాలి.

రైతులారా, మెకానిక్ సోదరులారా! పాకలో పడి ఉన్న టిల్లర్‌ను అమ్మేముందు ఒక్కసారి కంప్రెషన్ చూడండి. దొరకని విడిభాగం పేరు, బండి మోడల్, ఎన్నాళ్లు తిరిగారో కాగితం మీద రాసి సంతకాలు పెట్టండి. ఆ కాగితాన్ని వచ్చే గ్రామసభలో చదివించి, తీర్మానం చేయించి, మండల వ్యవసాయాధికారికీ మీ ఎమ్మెల్యేకూ అందజేయండి.