వినకుండా చెప్పే తీర్పు

గత సంచికలో సారా బ్రైట్‌మన్ 'డైవ్' ఆల్బమ్ మీద మేం వేసిన వ్యాసం ఒక సంగీత సభ వారికి కోపం తెప్పించింది. ఏళ్ల తరబడి మా పత్రికకు చందా కడుతూ, తమ ఉత్సవాల ప్రకటనలు ఇస్తూ వచ్చిన సభ అది. ఇక మీదట రెండూ ఉండవని కార్యదర్శి గారు రాశారు. శాస్త్రీయ గాయని పాప్ పాడటమంటే పతనమట. ఆ పతనానికి పేజీలు కేటాయించిన పత్రికకు త్యాగరాజు పేరెత్తే అర్హత లేదట. రెండు పేజీల ఆ లేఖలో 'డైవ్'లోని ఒక్క పాట పేరు కూడా లేదు.

ప్రకటన పోతే చిన్న పత్రికకు ఆ లోటు అచ్చు ఖర్చు కట్టేటప్పుడు తెలుస్తుంది. ఆ నష్టం మేం భరిస్తాం. ఒక రచనను చదవకుండా, ఒక ఆల్బమ్‌ను వినకుండా తీర్పు చెప్పడం, దానికి సంప్రదాయం పేరు పెట్టడం మాత్రం మౌనంగా భరించలేం.

పతనం అనేవారు ముందు ఆమె ఎక్కడి నుంచి పడిందో చెప్పాలి. బ్రైట్‌మన్ మొదట నర్తకి. 1978లో హాట్ గాసిప్ అనే నృత్య బృందంతో కలిసి పాడిన డిస్కో పాటతోనే బ్రిటన్‌లో పేరు తెచ్చుకుంది. 1981లో 'క్యాట్స్' సంగీత నాటకంలోకి వచ్చింది. 1985లో ఆండ్రూ లాయిడ్ వెబర్ 'రెక్వియం'లో ప్లాసిడో డొమింగో సరసన పాడింది. మరుసటి ఏడు వచ్చిన 'ఫాంటమ్ ఆఫ్ ది ఒపెరా'లో క్రిస్టీన్ పాత్రను ఆమె గొంతు కోసమే మలిచారు. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌కు హోసే కరేరాస్‌తో గొంతు కలిపింది. ఆ మరుసటి ఏడాదే 'డైవ్'. అంటే పాప్ ఆమె పుట్టిల్లు. పైగా ఆమె శాస్త్రీయ గాయనే కాదని పాశ్చాత్య ఒపెరా పండితుల్లో చాలామంది మొదటినుంచీ అంటూనే ఉన్నారు. అక్కడివారు గడప లోపలికే రానివ్వని మనిషిని, ఇక్కడివారు గర్భగుడిలోంచి బయటికి నడిచిందని నిందిస్తున్నారు. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం కాలేవు.

ఇక ఆల్బమ్ సంగతి. నిర్మాత ఫ్రాంక్ పీటర్సన్ జర్మన్. చర్చి గానాన్ని నృత్య లయ మీద నిలబెట్టిన ఎనిగ్మా తొలి ఆల్బమ్‌లో పనిచేసినవాడు. బ్రైట్‌మన్‌తో అతని సుదీర్ఘ ప్రయాణం ఇక్కడే మొదలైంది. మొత్తం పదిహేను పాటలు. ఒక మునకతో మొదలై, నీటిని పంచభూతాల్లో ఒకటిగా తలిచే 'ది సెకండ్ ఎలిమెంట్' పాట మీదుగా సాగి, చివరికి ఆ పాటకే రెండో రూపంతో ముగుస్తుంది. ఈ మధ్యలో ఓడలున్నాయి, కేప్ హార్న్ ఉంది, నావికులను పాటతో వలలో వేసే గ్రీకు పురాణపు సైరన్ ఉంది, దీవి ఉంది, వాన ఉంది. ప్రొకోల్ హారమ్ బృందం 1969లో పాడిన 'ఎ సాల్టీ డాగ్'ను మళ్లీ పాడటానికి సాహసం కావాలి. తీరమెక్కడో తెలియని ఓడ మీద పురుషుడి గొంతులో పలికిన ఆ దిగులును ఆమె సోప్రానో తన స్థాయికి ఎత్తుకుంది. తక్కిన పాటల్లో గుసగుసకు దగ్గరగా పలికే ఆ గొంతు ఇక్కడ పూర్తిగా విప్పుకుంటుంది. ఆ తేడా వరుసగా విన్నవారికే తెలుస్తుంది.

'కెప్టెన్ నెమో' పాట మన పాఠకులు ప్రత్యేకంగా వినాల్సింది. ఒక స్వీడిష్ బృందం నుంచి తీసుకున్న పాట అది. జూల్ వెర్న్ సృష్టించిన ఆ నెమో ఎవరు? 'మిస్టీరియస్ ఐలండ్' నవలలో వెర్న్ గుట్టు విప్పాడు: బుందేల్‌ఖండ్ రాకుమారుడు డక్కర్, 1857 తిరుగుబాటులో ఓడి, తనవాళ్లందరినీ పోగొట్టుకుని, నేల మీద చోటు లేక సముద్రం అడుగుకు చేరినవాడు. ఇంత దగ్గరి మనిషి గురించిన పాట ఉన్న ఆల్బమ్ మనకు పరాయిదని ఆ లేఖ తేల్చేసింది.

లోపాలు లేవని మా వ్యాసకర్త అనలేదు, మేమూ అనం. మూగజీవాల హింస మీద వచ్చిన 'జానీ వాన్నా లివ్' మంచి పాటే అయినా ఈ వరుసలో అంతగా అతకలేదు. 'బై నౌ' దగ్గర బిగువు సడలింది. సింథసైజర్ మోతలు కొన్ని చోట్ల ఆ కాలానికే పరిమితమై వినిపిస్తాయి. ఇవి విన్నాక చేయదగిన విమర్శలు. మైకు లేకుండా ఒపెరా హాలు నింపలేని గొంతు ఆమెదని మరికొందరంటారు. కావచ్చు, కానీ ఇది ఒపెరా కాదు, మైకు కోసమే కట్టిన పాట.

సముద్రం మీద పాటలు గుదిగుచ్చి ఒక గాయని చేత పాడించడం పాప్ వాళ్లు కనిపెట్టిన చౌకబారు పని కాదు. 1899 అక్టోబరులో ఇంగ్లండ్‌లోని నారిచ్ సంగీతోత్సవంలో ఎడ్వర్డ్ ఎల్గార్ 'సీ పిక్చర్స్' తొలిసారి వినిపించాడు. ఐదుగురు కవుల ఐదు పాటలు, ఐదింటా సముద్రమే. ఆ కవుల్లో ఎల్గార్ భార్య ఆలిస్ ఒకరు. పాడిన క్లారా బట్ మత్స్యకన్యలా ముస్తాబై వేదిక ఎక్కింది. ఆవిడే జనం కూనిరాగాలు తీసే బాలడ్‌లూ పాడింది. 'సీ పిక్చర్స్' ఇవాళ శాస్త్రీయ సంగీత భాండారంలో గౌరవంగా ఉంది. అవే అలలు, అదే ఒంటరి స్త్రీ కంఠం, అదే పాటల వరుస. ఆర్కెస్ట్రా స్థానంలో సింథసైజర్ రాగానే కళ కాస్తా పతనమైపోతుందా?

మన ఇంటికే వద్దాం. త్యాగరాజు పేరు మాకు గుర్తు చేశారు కాబట్టి ఆయన 'నౌకాచరిత్రం' గురించే అడుగుతున్నాం. గోపికల గర్వం, యమునలో పడవ, గాలివాన, పడవకు చిల్లు: ఒకే కథ పాట వెంట పాటగా సాగే గేయనాటకం అది. జానపద బాణీల పోకడలను ఆయన అందులోకి చేయి చాచి తీసుకున్నారు. 'ప్రహ్లాద భక్తి విజయం'లో సముద్రుడే పాత్రగా వస్తాడు, బంధించి తన నీళ్లలోకి తోసిన పిల్లవాడిని ఆదుకుంటాడు. ఈ రెండు నాటకాలనూ మన సభలు ఏం చేశాయి? విడగొట్టాయి. ఒక్కో కీర్తన తీసి, కచేరీలో రెండు కృతుల మధ్యో తుకడాల దగ్గరో సర్దాయి. ఆ కీర్తన ఎవరు, ఎవరితో, ఏ ఆపదలో పాడుతున్నారో వింటున్నవారిలో ఎందరికి తెలుసు? త్యాగరాజు కట్టిన వరుసను నిలబెట్టలేనివారు, వరుసగా వినండి అని కోరిన మా వ్యాసకర్తకు సంప్రదాయం నేర్పబోతున్నారు!

మంగళంపల్లి బాలమురళీకృష్ణ 1967లో 'భక్త ప్రహ్లాద' సినిమాలో నారదుడిగా నటించి పాడారు. ఆయన తోడి రాగానికి దానివల్ల ఏం మచ్చ పడింది? విజయనగరంలో పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర నేర్చుకున్న గొంతుతోనే ఘంటసాల కరుణశ్రీ 'పుష్పవిలాపం' పద్యాలను రికార్డు మీదికి ఎక్కించారు. ఖండకావ్యం ఇంటింటికీ వెళ్లింది. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ 1995లో మైఖేల్ బ్రూక్‌తో కలిసి 'డ్రీమ్' ఆల్బమ్ చేశాడు. 'డైవ్' వచ్చిన రెండేళ్లకే, కర్ణాటక సంగీతం పాశ్చాత్య స్టూడియోలో ఊపిరి పోసుకున్న పని అది. మన కుర్రవాడి ఆ పనికి తెలుగు పత్రికల్లో, తెలుగు సభల్లో దక్కిన చోటెంత? పద్మశ్రీ వచ్చినప్పుడు శాలువా కప్పాం. 2014లో పోయినప్పుడు సంతాప సభలు పెట్టాం. ఆయన చేసిన ప్రయోగాలను కూర్చుని విని, పాట పాటకీ బేరీజు వేసే ఓపిక మాత్రం చూపలేదు.

శుద్ధత పేరుతో నడిచే ఈ కాపలా సంగీతాన్ని కాపాడటం లేదు. వినేవారిని భయపెడుతోంది. ఇరవై ఏళ్ల పిల్ల పొద్దున తంబురా ముందు కూర్చుని, సాయంత్రం చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని బ్రైట్‌మన్ వింటే, రెండో సంగతి గురువుకు చెప్పడానికి జంకుతోంది. ఆ జంకు నేర్పింది ఇలాంటి లేఖలే. ఆ పిల్లల పక్షాన నిలబడటం మా పని అని మేం నమ్ముతున్నాం. 2003లో ఇదే బ్రైట్‌మన్ తన 'హరేమ్' ఆల్బమ్‌లో మన రెహమాన్ స్వరపరిచిన పాట పాడింది. ఆ దారిలో రాకపోకలు రెండు వైపులా ఉన్నాయి. మన వైపు తలుపుకు గడియ పెట్టే హక్కు ఎవరికీ లేదు.

సభ వారి లేఖను ఒక్క అక్షరం మార్చకుండా ఈ సంచికలోనే వేస్తున్నాం. 'డైవ్' మీద వ్యాసం రెండో భాగం ప్రకటించినట్టే వచ్చే సంచికలో వస్తుంది. పాఠకులను మేం కోరేది ఒకటే. పదిహేను పాటలూ వరుస తప్పకుండా వినండి. ఆ తర్వాత మమ్మల్ని తిడుతూ రాసినా సరే, వేస్తాం.