భోజనాల దగ్గరి మాటలు

'అమెరికన్ హిస్టరీ ఎక్స్' (1998) చూసినవాళ్లు ఫుట్‌పాత్ అంచున జరిగే ఆ హత్యను మరచిపోలేరు. గతాన్ని నలుపు తెలుపుల్లో, వర్తమానాన్ని రంగుల్లో చూపించాడు దర్శకుడు టోనీ కే. గుండు, గుండె మీద నాజీ స్వస్తిక పచ్చబొట్టు, కండలు తిరిగిన ఒళ్లు. నాజీ గుండు ముఠా నాయకుడు డెరెక్‌గా ఎడ్వర్డ్ నార్టన్‌ను ఆ వేషంలో ఎంత అందంగా చూపించారంటే, ఖండించాల్సినదాన్నే కెమెరా కాసేపు మెచ్చుకుంటోందా అనిపిస్తుంది. నా మటుకు అది సినిమాలో లోపమే.

సినిమా అసలు సత్తా మరోచోట ఉంది. బల్ల దగ్గర భోంచేస్తూ తండ్రి, బడిలో నల్లజాతి మాస్టారు చెప్పే పుస్తకాలను తేలిగ్గా తీసిపారేస్తాడు. గొంతు పెంచడు. కొడుకు డెరెక్ మొదట కాదంటాడు, తర్వాత నిజమే కాబోలు అనుకుంటాడు. ఆ తండ్రి ఫైర్‌మన్. ఆయనకు గుండూ లేదు, పచ్చబొట్టూ లేదు.

2017 ఫిబ్రవరి 22న కాన్సాస్‌లోని ఒలేతలో కూచిభొట్ల శ్రీనివాస్‌ను చంపిన ఆడమ్ ప్యూరింటన్ కూడా గుండు ముఠావాడేం కాదు. నౌకాదళంలో పనిచేసి వచ్చిన 51 ఏళ్ల మనిషి. గార్మిన్ కంపెనీ ఇంజనీర్లు శ్రీనివాస్, మాదసాని అలోక్ బార్‌లో కూర్చుని ఉంటే వచ్చి తిట్టాడు. బయటికి పంపిస్తే తుపాకీతో తిరిగొచ్చి, నా దేశం నుంచి పొండని అరుస్తూ కాల్చాడు. శ్రీనివాస్‌కు 32 ఏళ్లు. అలోక్ గాయాలతో బతికాడు. హంతకుణ్ణి ఆపబోయిన తెల్లజాతి యువకుడు ఇయాన్ గ్రిల్లట్‌కూ తూటా తగిలింది. తాను కాల్చింది ఇరానీలననే అనుకున్నాడు ప్యూరింటన్. 2018లో అతనికి యావజ్జీవ శిక్ష పడింది.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో ఉంటున్న మనకు ఇది దూరపు కథ కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే పనులకని శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన తాతల మనవలం. మద్రాసీలని పిలిపించుకున్నవాళ్లం. బొంబాయిలో 1966లో పుట్టిన శివసేన మొదట గురిపెట్టిందీ దక్షిణాదివాళ్లనే.

మరి మన ఇళ్లలో ఏం మాట్లాడుకుంటున్నాం? ఛత్తీస్‌గఢీ కూలీ సోమరి అని, సత్నామీకి ఇల్లు అద్దెకివ్వద్దని అనే ఇళ్లు మనలో లేవా? కులాన్ని కాదన్న సత్నామీల గురువు ఘాసీదాస్ పేరిట ఈ ఊళ్లో విశ్వవిద్యాలయం ఉంది. అందులో చదివే మన పిల్లలు ఇంటికొచ్చి వింటున్నది ఈ మాటలే. ఎగతాళీ హత్యా ఒకటేనని అనను. అలా అంటే శ్రీనివాస్ చావును తేలిక చేసినట్టే. కానీ ఒకరిని తక్కువగా చూడటం పిల్లలు నేర్చుకునేది ముందు ఇంట్లోనే.

సినిమాలో డెరెక్ మనసు మారడానికి నాంది జైలు లాండ్రీలో పడుతుంది. పక్కన నిలబడి, నవ్విస్తూ దుప్పట్లు మడిచే నల్లజాతి ఖైదీ వల్ల. అలా పక్కపక్కన పనిచేయడం లోకో షెడ్డులోనూ ట్రాక్ గ్యాంగులోనూ మనవాళ్లకు తరతరాలుగా అలవాటే. డ్యూటీ దిగి ఇంటికొచ్చాకే ఎవరి గిరి వాళ్లం గీసుకుంటున్నాం.

పాఠకులకు ఒక విన్నపం. మీ ఇంట్లో భోజనాల దగ్గర విన్న ఇలాంటి మాటలు రాసి పంపండి, పేర్లు లేకుండా వేస్తాం. మనల్ని ఇతరులు అన్నవి చాలానే వస్తాయని తెలుసు. మనం ఇతరులను అన్నవి ముందు పంపండి.