బంతి వదిలితేనే డాక్టర్ అవుతారా? టి. ఆవో కథలో ఉన్నది అది కాదు



కొన్నాళ్ళుగా మన పిల్లల వాట్సాప్‌లలో ఒక ఫొటో తిరుగుతోంది. "ఆర్సెనల్ క్లబ్బు పిలిచినా పోకుండా డాక్టర్ చదివిన ఆదివాసీ" అని. దాని కింద పెద్దవాళ్ళు రాసేది ఒకటే మాట: "చూశారా, ఆట కన్నా చదువే గొప్ప. బంతి పక్కన పెట్టి పుస్తకం పట్టండి." ఇంకొందరు "కోట్లు పోగొట్టుకున్నాడు పాపం" అంటారు. నాకు ఈ రెండు మాటలూ నచ్చలేదు. అందుకే ఇంత పొడుగు పోస్టు. ఓపిగ్గా చదవండి.

ఆయన పేరు టాలిమెరెన్ ఆవో. 1918లో నాగా కొండల్లోని చాంగ్కి ఊళ్ళో పుట్టాడు. ఆవో నాగా తెగ మనిషి. తండ్రి పాస్టర్. కొడుకు డాక్టరై తన జనానికి పనికి రావాలన్నది ఆయన కోరిక. 1935లో ఆయన జ్వరంతో చనిపోయాడు. వైద్యం అందక మనిషి పోవడం ఎట్లా ఉంటుందో మన ఏజెన్సీ పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆవో జోర్హాట్‌లో, తర్వాత గౌహతి కాటన్ కాలేజీలో చదివాడు. ఆడుతూనే చదివాడు. అక్కడి నుంచి కలకత్తా వెళ్ళి కార్మైకేల్ మెడికల్ కాలేజీలో చేరాడు. ఇప్పుడు దాన్నే ఆర్.జి. కర్ అంటున్నారు. 1943లో మోహన్ బగాన్ చొక్కా వేసుకున్నాడు. దాదాపు పదేళ్ళు ఆ క్లబ్బుకు ఆడి, కెప్టెన్ కూడా అయ్యాడు.

ఆయన ఆడింది సెంటర్ హాఫ్. ఆ కాలపు ఆటలో ఇద్దరు బ్యాకులు, వాళ్ళ ముందు ముగ్గురు హాఫులు, ఆపైన ఐదుగురు ఫార్వర్డులు. ముగ్గురు హాఫుల్లో నడిమి మనిషి సెంటర్ హాఫ్. ఎదుటి జట్టు నడిమి నుంచి దూసుకొస్తే మొదట అడ్డం పడాల్సింది వాడే, బంతి గుంజుకుని ముందుకు అందించాల్సిందీ వాడే. గోల్ కొట్టినోడి పేరు పేపర్లో వస్తుంది. ఆపినోడి పేరు రాదు.

1948 లండన్ ఒలింపిక్స్. స్వతంత్ర దేశంగా మనం వెళ్ళిన మొదటి ఒలింపిక్స్. ప్రారంభం రోజు దేశం జెండా పట్టుకుని నడిచింది ఈ నాగా కుర్రాడే. ఫుట్‌బాల్ జట్టుకు కెప్టెనూ ఆయనే. జూలై 31న ఫ్రాన్స్‌తో మ్యాచ్. మనవాళ్ళలో ఎక్కువమంది బూట్లు లేకుండానే దిగారు. 1-2 తేడాతో ఓడిపోయారు. మన గోల్ సారంగపాణి రామన్ కొట్టాడు. రెండు పెనాల్టీలు వృథా అయ్యాయి. అందులో ఒకటి శైలేన్ మన్నాది. ఆయనా డిఫెండరే. అదే మన్నా 1951 ఆసియా క్రీడల్లో కెప్టెన్‌గా దేశానికి బంగారం తెచ్చాడు. ఒక్క పెనాల్టీ పోయిందని ఆయన్ని పక్కన పెట్టి ఉంటే ఏమయ్యేది?

ఇక ఆర్సెనల్ సంగతి. ఆ క్లబ్బు ఒక ఏడాది ఒప్పందానికి పిలిచిందని, చదువు పూర్తి చేయాలని ఆవో వద్దన్నాడని చెబుతారు. "కోట్లు పోయాయి" అనేవాళ్ళు ఒకటి తెలుసుకోవాలి. ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో ఆటగాడి జీతానికి పై హద్దు ఉండేది. ఎంత పెద్ద ఆటగాడైనా వారానికి 12 పౌండ్లు మించకూడదు. ఆ హద్దు తీసేసింది 1961లో. ఇప్పటి లెక్కలతో అప్పటి మనిషిని తూచితే ఎట్లా?

"ఆట వదిలేశాడు" అనేవాళ్ళకు నా జవాబు ఇది. ఆయన ఆట వదల్లేదు. లండన్ నుంచి వచ్చాక కూడా మోహన్ బగాన్‌కు ఆడాడు. 1950లో ఎంబీబీఎస్ పూర్తి చేశాడు. తర్వాత కలకత్తాలో ఉండిపోలేదు, కోహిమా ఆసుపత్రికి వెళ్ళాడు. నాగాలాండ్ రాష్ట్రం వచ్చాక అక్కడి ఆరోగ్య శాఖ డైరెక్టర్‌గా పనిచేసి 1978లో రిటైరయ్యాడు. 1998లో కన్నుమూశాడు. ఆటా చదువూ రెండూ ఒకే చోట దొరికాయి కాబట్టి రెండూ చేశాడు. మైదానం, మెడికల్ కాలేజీ ఒకే ఊళ్ళో ఉన్నాయి. కాదనేవాళ్ళు లేరు. అసలు పాఠం అక్కడ ఉంది.

మరి మన దగ్గర? నా సంగతే చెబుతా. ఆశ్రమ పాఠశాలలో నేను స్టాపర్ ఆడేవాణ్ణి. చెప్పుల్లేని కాళ్ళు, గాలిపోయిన బంతి. పదో తరగతికి రాగానే ఆట బంద్. "బంతి తంతే ఉద్యోగం వస్తదా?" అన్నారు. అమ్మకూడా అదే అంది. నేను మానేశా. మార్కులేమన్నా పెరిగాయా అంటే లేదు. సాయంత్రం ఆ గంట గోడకు ఆనుకుని కూర్చునేవాణ్ణి, అంతే. నాతో ఆడిన ఇద్దరు ఆట పోయాక బడే మానేశారు. వాళ్ళను బడికి కట్టేసి ఉంచిన తాడు ఆ బంతే అని ఎవరికీ తట్టలేదు.

"ఇంట్లో కష్టం ఉంటే ఆటలేంటి అన్నా" అని అడిగే తమ్ముళ్ళున్నారు. నిజమే. ఆట మీదే బతుకుతామని అందరూ దిగితే నష్టపోయేవాళ్ళే ఎక్కువ. జార్ఖండ్ గుమ్లా జిల్లా ఉరావ్ బిడ్డ అస్టం ఉరావ్‌ను చూడండి. ఆమె కూడా డిఫెండరే. 2022 అండర్-17 ప్రపంచ కప్‌లో మన దేశానికి కెప్టెన్. ఆమె పేరు మీద ఊరికి రోడ్డు వేస్తుంటే, ఆ రోడ్డు పనిలో ఆమె అమ్మానాన్నలే కూలికి వెళ్ళారు. కెప్టెన్ అయినా ఇంటి కష్టం తీరలేదు. అందుకే నేను చదువు మానమనట్లేదు. చదువు పేరు చెప్పి ఆటను చంపొద్దంటున్నా.

మన నిజామాబాద్ తండా బిడ్డ సౌమ్య గుగులోత్ దేశానికి ఆడి, క్రొయేషియా క్లబ్బు దాకా వెళ్ళింది. అంటే దారి ఉంది. ఆ దారిలో మన పిల్లలు నడవాలంటే మూడు పనులు చేద్దాం. ప్రతి ఆశ్రమ పాఠశాలలో పీఈటీ పోస్టు నింపమని ఐటీడీఏకు సంతకాలతో వినతిపత్రం ఇద్దాం. పదో తరగతి పిల్లలకు కూడా సాయంత్రం ఒక గంట ఆట ఉండేలా వార్డెన్లతో మాట్లాడదాం. సెలవులకు ఇంటికెళ్ళే సీనియర్లు ఒక బంతి కొనుక్కుని పోదాం. మిగతా రెండింటికీ టైం పడుతుంది. బంతి మాత్రం ఈ సెలవులకే అవుతుంది.

ఈసారి ఆవో ఫొటో ఎవరైనా పెడితే, "ఆట వదిలేశాడు" అని రాయకండి. రెండూ చేశాడు, తిరిగి తన కొండకే వెళ్ళాడు అని రాయండి.

మీ బడిలో ఆట ఉందా, పోయిందా? కింద రాయండి. వినతిపత్రంలో ఆ బడుల పేర్లన్నీ పెడదాం.

జై జోహార్.