ముప్పయి మిల్లీగ్రాములు దాటితే కోర్టు మెట్లెక్కాల్సిందే

నంద్యాల: కర్నూలు నుండి కడప వెళ్ళే 40వ నెంబరు జాతీయ రహదారి నంద్యాల, శిరివెళ్ళ, ఆళ్లగడ్డ, చాగలమర్రిల మీదుగా పోతుంది. పొద్దు గూకిన తర్వాత ఈ దారిలో లారీలు, బస్సుల మధ్యనే ట్రాక్టర్లు, ఆటోలు, మోటారు సైకిళ్ళు నడుస్తుంటాయి. తాగనివారికే ఈ రోడ్డు నమ్మకం కాదు. 2014 ఏప్రిల్ 23 రాత్రి ఆళ్లగడ్డ దగ్గర రోడ్డు మీద ఆరబోసిన ధాన్యాన్ని తప్పించబోయి శోభా నాగిరెడ్డి కారు బోల్తా పడిన సంగతి, మరునాడు ఆమె మరణించిన సంగతి జిల్లా ప్రజలు మరువలేదు. ఆ ప్రమాదానికి మద్యంతో ఏ సంబంధమూ లేదు. ఇక తాగి నడిపేవారి మాట చెప్పనక్కరలేదు.

2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద జరిగింది ఇదే. మోటారు సైకిలుపై పోతున్న యువకుడు అదుపు తప్పి పడి చనిపోగా, రోడ్డుపై పడివున్న ఆ బండి హైదరాబాదు నుండి బెంగుళూరు పోతున్న ప్రైవేటు బస్సు కిందికి వచ్చింది. మంటలు లేచి బస్సులో 19 మంది సజీవ దహనమయ్యారు. యువకుడు మద్యం తాగి ఉన్నట్లు ఫోరెన్సిక్ పరీక్షలో తేలిందని పోలీసులు ప్రకటించారు. తాగింది ఒక్కడు. ప్రాణాలు పోయినవారికి అతడెవరో కూడా తెలియదు.

ఇంతకూ చట్టం ఏమంటున్నది? 1939 నాటి మోటారు వాహనాల చట్టం మొదట్లో, బండిని అదుపులో ఉంచుకోలేనంతగా తాగి ఉంటేనే నేరమన్నది. 1988 చట్టం 185వ సెక్షను రక్తంలో ఎంత కొద్దిపాటి మద్యం ఉన్నా నేరమే అన్నది. 1994 సవరణతో హద్దు ఏర్పడింది: 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. ఇంగ్లండులో ఈ హద్దు 80. అంటే మన చట్టమే గట్టిది. ఎద్దుల బండికి ఈ సెక్షను వర్తించదు. బండివాడు నిద్రపోయినా ఎద్దులు ఇంటికి చేర్చేవి. ట్రాక్టరుకు ఆ తెలివి లేదు, దానికి సెక్షను వర్తిస్తుంది.

ముప్పయి అంటే ఎంత? 60 కిలోల బరువున్న మనిషి 60 మిల్లీలీటర్ల బ్రాందీయో విస్కీయో తాగితే సుమారు 50 దాకా వస్తుంది. మామూలు బీరు సీసా ఒకటి తాగినా 60 వద్దకు చేరుతుంది. 180 మిల్లీలీటర్ల క్వార్టరు తాగితే 150 దరిదాపు, అనగా హద్దుకు అయిదింతలు. శరీరం గంటకు సుమారు 15 చొప్పున మాత్రమే దాన్ని అరిగించగలదు. రాత్రి పది గంటలకు క్వార్టరు ముగించి పడుకున్నవాడు తెల్లవారి అయిదింటికి పాల వ్యాను తీస్తే ఇంకా నేరస్థుడే కావచ్చు. మజ్జిగ తాగినా, తలస్నానం చేసినా ఈ లెక్క మారదు.

పట్టుబడితే అక్కడికక్కడ చలానా కట్టి బయటపడటం ఈ నేరంలో కుదరదు. మేజిస్ట్రేటు ముందుకు పోవాల్సిందే. 2019 సవరణ ప్రకారం మొదటి తప్పుకు ఆరు నెలల వరకు జైలు గానీ, 10,000 రూపాయల జరిమానా గానీ, లేదా రెండూ. రెండవసారి అయితే రెండేళ్ళ వరకు జైలు, 15,000 జరిమానా. జరిమానా చాలామంది ఎలాగో కట్టేస్తారు. అసలు దెబ్బ లైసెన్సు మీద పడుతుంది. 185 కింద శిక్ష పడితే కనీసం ఆరు నెలలు లైసెన్సుకు అనర్హుణ్ణి చేయాలని 20వ సెక్షను చెబుతున్నది. ఆటో నడిపి పొట్టపోసుకునేవానికి ఇది ఆరు నెలల పస్తు.

అయితే నిందితునికి హక్కులు లేకపోలేదు. చాలామందికి అవి తెలియక మొదటి వాయిదాలోనే తప్పు ఒప్పుకుంటున్నారు. అరెస్టు చేసిన రెండు గంటలలోపు వైద్య పరీక్ష జరపాలి, లేకుంటే కస్టడీ నుండి విడిచిపెట్టాలని 202వ సెక్షను శాసిస్తున్నది. (విడిచిపెట్టడమంటే కేసు కొట్టివేయడం కాదు.) నోటి వాసన వచ్చింది, కాళ్ళు తడబడ్డాయి అన్నంత మాత్రాన తాగినట్లు రుజువు కాదని సుప్రీంకోర్టు 1971లోనే ఒక ప్రమాదం కేసులో చెప్పింది. 185 కేసు నిలవాలంటే అంకె కావాలి. ఊదే యంత్రాన్ని ముందుగా ఖాళీగా పరీక్షించి సున్నా చూపిన తర్వాతే ఊదించాలని, అలా చేయని కేసు చెల్లదని 2025లో కేరళ హైకోర్టు తీర్పునిచ్చింది. అక్కడి తీర్పు ఇక్కడి కోర్టును కట్టివేయదు గానీ, వకీలు చూపి వాదించుకోవచ్చు. పరీక్ష చీటీ మీద తేదీ, వేళ, అంకె ఏమున్నాయో చూసుకోవడం, నకలు అడగడం నిందితుని పని. అప్పుడే గుటక వేసిన నోటితో ఊదితే అంకె ఎక్కువ చూపవచ్చు. పావుగంట ఆగి ఊదించమని కోరవచ్చు. ఊదనని మొండికేస్తే మాత్రం లాభం లేదు. తగిన కారణం లేని నిరాకరణ 205వ సెక్షను ప్రకారం పోలీసుల సాక్ష్యానికే బలమిస్తుంది. వకీలు ఫీజు ఇచ్చుకోలేని షెడ్యూల్డు కులాల, తెగల వారికి, మహిళలకు, కస్టడీలో ఉన్నవారికి న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఏర్పాటు చేస్తుంది.

కోర్టులో గెలిచినా బీమా కంపెనీ దగ్గర గెలుస్తారన్న భరోసా లేదు. పరీక్ష జరగకపోయినా, ఇతర సాక్ష్యాలను బట్టి తాగి నడిపినట్లు చూపగలిగితే సొంత వాహనం నష్టానికి బీమా ఇవ్వనక్కరలేదని 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. అప్పు చేసి కొన్న ట్రాక్టరు నుజ్జయితే ఆ వాయిదాలు ఎవరు కడతారు?

ఇక్కడ ప్రభుత్వం వైపు కూడా చూడక తప్పదు. హైవేకు 500 మీటర్లలోపు మద్యం దుకాణాలు ఉండరాదని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. తర్వాత 20,000 లోపు జనాభా గల ఊళ్ళకు ఆ దూరం 220 మీటర్లకు తగ్గింది; పట్టణాల పరిధికి 2017 జూలైలో మినహాయింపే వచ్చింది. 2024 అక్టోబరులో వచ్చిన కొత్త మద్యం విధానంతో 99 రూపాయలకే క్వార్టరు దొరికింది. దుకాణం ముందు వరుసగా నిలిపిన మోటారు సైకిళ్ళు ఎలా ఇల్లు చేరతాయో అమ్మేవారికీ తెలుసు, కొనేవారికీ తెలుసు. ఊదే యంత్రం మాత్రం రోడ్డు మీదే ఎదురవుతుంది.