కోల్‌కతా యువకుల కొత్త పాట - మన వైఖరి

కోల్‌కతా యువకులు వేదికలపై పాడుతున్న ర్యాప్ మెటల్ పాటలంటే మన సీనియర్ సభ్యులలో విసుగు కనబడుతున్నది. చెవులు చిల్లులు పడే గిటార్లు, ఊపిరి తిప్పుకోనివ్వని మాటల వరద, ఇదేమి సంగీతమని వారి ప్రశ్న. ఆ బాణీ మాకు కూడా అంతగా పట్టుబడలేదు. అయినా శబ్దాన్ని బట్టి తీర్పు చెప్పడం సబబు కాదని మా అభిప్రాయం.

రాడ్నీ కింగ్ అనే నల్లజాతీయుని చావబాదిన పోలీసులను 1992 ఏప్రిల్‌లో అమెరికా జ్యూరీ శిక్షించకుండా వదలివేసినది. ఆ ఏడాదే లాస్ ఏంజిలిస్‌కు చెందిన ‘రేజ్ ఎగెనెస్ట్ ద మెషీన్’ బృందం పోలీసుల జాతి వివక్షను నిలదీస్తూ పాడిన పాట ఈ బాణీకి రాజకీయ పదును పెట్టినది. కోల్‌కతాలో 2010లో ఏర్పడిన ‘అండర్‌గ్రౌండ్ అథారిటీ’ బృందం ఆ దారిలోనిదే. ఆ బృందపు గాయకుడు, ఇ.పి.ఆర్. అనే పేరుతో పాడే సంతానం శ్రీనివాసన్ అయ్యర్, 2019లో ఒక టెలివిజన్ పోటీలో రైతుల ఆత్మహత్యలపై పాట పాడినాడు. దానికి పెట్టిన పేరు ‘ఏక్‌లా చలో రే’. అది 1905లో, వంగ విభజన వ్యతిరేకోద్యమ కాలంలో రవీంద్రుడు రాసిన పాట పేరు.

ఒంటరిగా నడవమనే మాట సంఘజీవులమైన మనకు మొదట రుచించదు. కాని అప్పుల పాలైన రైతు ఒంటరిగా మిగిలినాడన్నది నిజం. ఆ నిజాన్ని ఆ యువకుడు వాణిజ్య ప్రకటనల నడుమ నిలబడి చెప్పగలిగినాడు. నిరసనను కూడా సరుకుగా అమ్ముకునే వ్యవస్థ ఇది. ఆ సంగతి మరువరాదు.

ఆ నగరానికి మరొక పాట కూడా తెలుసు. 1946 జూలై 11న తపాలా కార్మికులు సమ్మెకు దిగినారు. జూలై 29 నాటికి వారు ఒంటరివారు కారు. వారికి మద్దతుగా బెంగాల్‌లో సార్వత్రిక సమ్మె జరిగినది. సలిల్ చౌదరి ‘ఢేవు ఉఠ్‌ఛే, కారా టూట్‌ఛే’ పాట కట్టినది ఆ సమ్మె వేడిలోనే. భూమి నిలబెట్టుకోవడానికి కలకత్తా వీధులలో రిక్షా లాగిన రైతు కథ, 1953 నాటి ‘దో బీఘా జమీన్’ చిత్రానికి మూలం, ఆయన రాసినదే. రైతు దుఃఖం, తపాలా బంట్రోతు సమ్మె ఆ కవికి వేర్వేరు విషయాలు కావు. ఇ.పి.ఆర్. పాటకు లేనిది ప్రతిభ కాదు, వెనుక నిలిచే జూలై 29.

2004 జనవరి తరువాత కొలువులో చేరి పాత పెన్షన్‌కు దూరమైన యువ ఉద్యోగుల చెవులలో నేడు మోగుతున్నవి ఇటువంటి పాటలే. మన శాఖల మహాసభలలో వారికి అరగంట వేదిక ఇవ్వాలని మేము ప్రతిపాదిస్తున్నాము. ఖరగ్‌పూర్ తెలుగు రైల్వే కుటుంబాల పిల్లలను ముందుగా అడుగుదాము: పెన్షన్ మీద, ఖాళీ పోస్టుల మీద, గ్రామీణ డాక్ సేవకుల బతుకు మీద తెలుగులో పాట కట్టమని. గిటార్ల మోత భరించడం పెద్దల వంతు.