పూచిన బ్రోమీలియాడ్‌తో పాటు చెప్పవలసిన మాట

నగరాల మొక్కల దుకాణాలలో ఎరుపు, పసుపు, నారింజ రంగుల కంకులతో నిలువుగా పూచి కనిపించే గుజ్మానియాకు ఇటీవల గిరాకీ పెరిగింది. కార్యాలయాల స్వాగత గదులలోనూ, అపార్ట్‌మెంట్ల హాళ్ళలోనూ దానికి చోటు దొరుకుతున్నది. రెండు మూడు నెలలు రంగు చెదరకుండా నిలుస్తుంది. ఆ తరువాత కంకి గోధుమ రంగుకు తిరుగుతుంది. మరికొన్ని నెలలలో ఆకుల గుబురు కూడా అంచుల నుండి ఎండనారంభిస్తుంది. ఇంటివారు తమ పోషణలోనే లోపమున్నదని భావించి మరింత నీరు, మరింత ఎరువు వేస్తారు. దానితో పిలకలు కూడా కుళ్ళి కుండీ ఖాళీ అవుతుంది.

వాస్తవానికి ఇందులో తొలి మరణం సహజమైనదే. పూలుగా కనిపించేవి రంగు పుచ్ఛాలు. అసలు పూలు వాటి నడుమ చిన్నవిగా వచ్చి కొద్ది రోజులలోనే వాడిపోతాయి. బ్రోమీలియాడ్ కుటుంబంలోని మొక్కలలో అధిక భాగం ఒక గుబురుకు ఒక్కసారే పూస్తాయి. పూచిన గుబురు మళ్ళీ పూయదు, మొదలు నుండి పిలకలను ఇచ్చి క్రమంగా క్షీణిస్తుంది. తెలుగు రైతుకు ఈ సంగతి ఎవరూ బోధించనక్కరలేదు. గెల దించిన అరటిని నరికి పిలకను నిలుపుకోవడం అతనికి తరతరాల అలవాటు. ఇదే కుటుంబానికి చెందిన అనాసను సీతంపేట మన్యంలో పండించే గిరిజన రైతులకూ ఇది తెలిసినదే. తెలియనివాడు నగరంలోని కొనుగోలుదారు మాత్రమే. అతనికి చెప్పకపోవడాన్ని అమ్మేవారి అజ్ఞానంగా ఎంచడం కష్టం. మొక్క చనిపోతే మరొకటి అమ్ముడుపోతుంది. మౌనం వెనుక ఆ సౌలభ్యం ఉన్నది.

పైగా దుకాణానికి వచ్చే మొక్క తనంతట తాను పూచినది కాదు. అనాస తోటలో ఒకేసారి పూత రావడానికి 25 పి.పి.యం. ఎథెఫాన్‌ను 2 శాతం యూరియా, 0.04 శాతం కాల్షియం కార్బొనేట్‌తో కలిపి మొక్క నడినెత్తిన 50 మిల్లీలీటర్ల చొప్పున పోసే పద్ధతి మన దేశంలో వాడుకలో ఉన్నదే. అలంకరణ బ్రోమీలియాడ్‌లలోనూ వాణిజ్య పెంపకందారులు ఇథిలీన్‌నో, ఎసిటిలీన్‌నో ప్రయోగించి, అమ్మకపు తేదీకి అనుగుణంగా పూత తెప్పిస్తారు. ఇందులో తప్పేమీ లేదు. అయితే కొనుగోలుదారు చేతికి వచ్చేది జీవితపు చివరి అంకంలో ఉన్న మొక్క అన్న మాటను దాచడం మాత్రం తప్పే.

నీటి విషయంలో అందే సలహాలు ఇంకా గందరగోళంగా ఉన్నవి. గుజ్మానియా, ఎక్మియా, నియోరెగీలియా వంటివి ఉష్ణమండల అమెరికా అడవులలో ఎక్కువగా చెట్ల కొమ్మలను అంటిపెట్టుకొని పెరిగే వృక్షోపజీవులు. వేళ్ళు ప్రధానంగా పట్టుకే. నీటిని, పోషకాలను ఆకులపైనున్న పొలుసుల వంటి కేశాలు, ఆకుల మొదళ్ళలో ఏర్పడే గిన్నె గ్రహిస్తాయి. అటువంటి మొక్కను ఎర్రమట్టి నింపిన కుండీలో పెట్టి తులసికి పోసినట్లు రోజూ నీరు పోస్తే మొదలు కుళ్ళక తప్పదు. కొబ్బరి పీచు ముక్కలు, బొగ్గు, కొద్దిగా కోకోపీట్ కలిపిన గుల్ల మిశ్రమం చాలు; అది పైన ఆరిన తరువాతే తడపాలి. బోరు నీటిలోని సున్నపు లవణాలు ఆకులపై తెల్లని చారలు కడతాయి గనుక వాన నీరు మేలు. రాగి ఈ మొక్కలకు విషతుల్యం. రాగి చెంబులో నిలవ ఉంచిన నీటిని పోయడం, తెగులు కనబడగానే ఇంట్లో ఉన్న కాపర్ ఆక్సీక్లోరైడ్ చల్లడం రెండూ మానవలసినవే.

ఇక గిన్నె సంగతి. గిన్నెను ఎల్లప్పుడూ నిండుగా ఉంచాలని చెప్పే సలహాను ఇక్కడి ఇండ్లకు యథాతథంగా వర్తింపజేయడం ప్రమాదకరం. అడవిలో తరచుగా కురిసే వాన ఆ నీటిని కడిగి కొత్త నీటిని నింపుతుంది. గదిలో అది జరగదు. డెంగీని వ్యాపింపజేసే ఈడిస్ దోమ ఇటువంటి చిన్న నీటి నిల్వలలోనే గుడ్లు పెడుతుంది. వెచ్చని వాతావరణంలో వారం, పది రోజులలో గుడ్డు నుండి దోమ తయారవుతుంది. 2016లో జికా వ్యాపించినప్పుడు అమెరికాలోని మయామీ బీచ్ నగరపాలక సంస్థ బహిరంగ ఉద్యానాలలోని బ్రోమీలియాడ్‌లను తొలగించింది. ఇంటిలోని ఒకటి రెండు కుండీలకు అంత తీవ్రమైన చర్య అనవసరం. గిన్నెలో అడుగున ఒక అంగుళం మేర నీరు ఉంచి, వారానికి రెండుసార్లు కుండీని వంచి పూర్తిగా పారబోసి కొత్త నీరు పోస్తే దోమకూ అవకాశముండదు, నిలవ నీటి వల్ల నడినెత్తి కుళ్ళు కూడా రాదు. కూలర్ తొట్లు, పూలకుండీల పళ్ళేలు ఖాళీ చేయమని ‘డ్రై డే’ నాడు చెప్పే సిబ్బంది ఈ ఆకుల గిన్నెను కూడా చూపించాలి. పళ్ళెం అందరి కంటా పడుతుంది, గిన్నె పడదు.

ఎంపిక విషయంలోనూ మార్పు రావాలి. పూత కోసమే కొనే గుజ్మానియా కంటే, పూత లేకున్నా ఆకులే అందమైన నియోరెగీలియా, వెండి చారల ఎక్మియా ఫేసియేటా మన ఇండ్లకు ఎక్కువ తగినవి. ఎక్మియా ఏసీ గదుల పొడిగాలిని గుజ్మానియా కంటే బాగా తట్టుకొంటుంది, కాకపోతే ఆకుల అంచున ముళ్ళుంటాయి, పిల్లలున్నచోట జాగ్రత్త అవసరం. నియోరెగీలియాకు రంగు నిలవాలంటే తూర్పు కిటికీ వెలుగు కావాలి. నత్రజని ఎక్కువైతే ఆకులు పచ్చబడిపోతాయి. వేసవి మధ్యాహ్నపు ఎండ మాత్రం దేనికీ పనికిరాదు. ఈ విషయాలపై మన జిల్లాల ఉష్ణోగ్రతలకు, నీటి గుణానికి సరిపడే సిఫారసులు తెలుగులో రావలసిన అవసరమున్నది. శీతల దేశాల ఇండ్లకు రాసిన సూచనలను అనువదించుకొన్నంత మాత్రాన అవి మే నెలలో విజయవాడకు అక్కరకు రావు.

నర్సరీలు చేయదగినది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ‘ఈ గుబురు ఒక్కసారే పూస్తుంది, పిలక తల్లిలో మూడోవంతు నుండి సగం ఎత్తు వచ్చిన తరువాత వేరుచేయండి, దానికి పూత రావడానికి ఒకటిన్నర నుండి మూడేండ్లు పడుతుంది’ అన్న మూడు వాక్యాల చీటీ కుండీకి కడితే చాలు. ఎదిగిన పిలకకు పూత తెప్పించడానికి పండిన యాపిల్‌ను మొక్కతో పాటు పాలిథీన్ సంచిలో వారం పది రోజులు కట్టి ఉంచే చిట్కా కూడా, గిన్నెలో నీరు తీసివేసి నీడలో చేస్తే, ఇంట్లో సాధ్యమైనదే. పూత ముగిసి పిలకలు వేసిన కుండీలను దుకాణదారులు పారవేయకుండా తక్కువ ధరకు అమ్మకానికి పెట్టవచ్చు. ఒక తల్లికి రెండు మూడు పిలకలు ఉన్న అటువంటి కుండీ, పూచిన కొత్త మొక్క కంటే తెలిసి కొనేవారికి లాభసాటి బేరం.